ట్రిగ్గర్ ఫింగర్: చప్పుడు కణుపులో, జబ్బు అరచేతిలో

క్లుప్తంగా: ముడిచిన వేలు తెరుచుకోకుండా ఆగి, ఒక్కసారిగా టక్‌మని విచ్చుకోవడం ట్రిగ్గర్ ఫింగర్ అసలు గుర్తు. నొప్పి వేలి మధ్య కణుపులో ఉన్నట్టు అనిపించినా ఇబ్బంది ఉండేది అరచేతిలో, వేలి మొదట్లో. అక్కడ నొక్కితే నొప్పి, వేలితో పాటు కదిలే చిన్న బుడిపె, పొద్దున్నే ఎక్కువగా ఉండే బిగుతు కలిసి కనిపిస్తే దీన్నే ముందుగా అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. వేలు ఎర్రబడి, వేడెక్కి, మొత్తంగా వాచితే మాత్రం అది చీము పట్టిన లక్షణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పొద్దున లేచి పిడికిలి విప్పితే మిగతా వేళ్లన్నీ తెరుచుకుంటాయి, ఉంగరపు వేలు మాత్రం ముడుచుకునే ఉంటుంది. రెండో చేత్తో పట్టుకుని లాగితే టక్‌మని విచ్చుకుంటుంది, ప్రాణం జివ్వుమంటుంది. ఇది మొదటిసారి జరిగినప్పుడు చాలామంది నరం పట్టేసిందనుకుంటారు. కొందరు కీళ్లవాతం మొదలైందని దిగులు పడతారు. ఇంకొందరికి పక్షవాతమేమోనన్న భయం పట్టుకుంటుంది. నూనె రాసి వేలిని మర్దన చేయడం, మందుల షాపులో నొప్పి మాత్రలు కొనడం, చివరికి వేలికి ఎక్స్‌-రే తీయించడం వరసగా జరిగిపోతాయి. ఎక్స్‌-రేలో సాధారణంగా ఏమీ కనిపించదు. అది సహజమే, ఎందుకంటే ఈ జబ్బు ఎముకలోనో కీలులోనో పుట్టింది కాదు.

ఈ అయోమయానికంతటికీ మూలం ఒకటే. చప్పుడు వినిపించే చోటు వేరు, జబ్బు ఉన్న చోటు వేరు. డాక్టరు ముందు కూర్చున్న మనిషి వేలి మధ్య కణుపును చూపిస్తాడు. డాక్టరు మాత్రం అరచేతిలో వేలు మొదలయ్యే చోట నొక్కి చూస్తాడు.

అరచేతి లోపల ఏం జరుగుతుంది

వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి టెండన్లు అనే గట్టి తెల్లటి తాళ్లు మణికట్టు దాటి, అరచేతిలోంచి వేళ్లలోకి వస్తాయి. బొటనవేలికి ఒకటి, మిగతా నాలుగు వేళ్లకు రెండేసి. ముంజేతిలో కండరం బిగిస్తే టెండన్ వెనక్కి జరుగుతుంది, వేలు ముడుచుకుంటుంది. అలా జరిగేటప్పుడు టెండన్ ఎముకను వదిలి పైకి లేవకుండా అదిమి పట్టుకునేవే పుల్లీలు. ఒక్కో వేలికి ఉంగరం లాంటివి ఐదు ఉంటాయి, వాటి మధ్య పల్చటి అడ్డ పట్టీలు ఇంకొన్ని ఉంటాయి. బొటనవేలి అమరిక కొంచెం వేరు. అరచేతి వైపు నుంచి లెక్కపెడితే వచ్చే మొదటి ఉంగరమే ఏ1 పుల్లీ. ట్రిగ్గర్ ఫింగర్ దాదాపు ఎప్పుడూ దీని దగ్గరే పుడుతుంది.

గట్టిగా పట్టు పట్టినప్పుడు టెండన్ మలుపు తిరిగి ఒరుసుకునేది ఈ పుల్లీ అంచునే. ఏళ్ల తరబడి ఆ రాపిడి పడ్డాక పుల్లీ మందమవుతుంది, లోపలి దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో తిరిగి తిరిగి టెండన్ మీద ఒకచోట బుడిపె లేస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫోన్స్ నోటా అనే వైద్యుడు 1850లో దీన్ని వర్ణించాడు. అందుకే వైద్యులు ఇప్పటికీ దాన్ని నోటా బుడిపె అంటారు.

దీన్ని వాపు జబ్బుగా చెప్పడం అలవాటుగా మారింది. కానీ ఆపరేషన్‌లో తీసిన పుల్లీ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే కనిపించేది ప్రధానంగా వాపు కాదు. మెత్తటి ఎముకలో, అంటే మృదులాస్థిలో ఉండే కణాల లాంటివి అక్కడ పుట్టుకొస్తాయి. ఒత్తిడి, ఒరిపిడి పడేకొద్దీ కణజాలం తన స్వభావాన్నే మార్చుకుందన్నమాట. నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గినా వేలు ఇరుక్కోవడం మానకపోవడానికి ఇదొక కారణం.

వేలు ముడుచుకున్న స్థితిలోనే ఎందుకు ఆగిపోతుంది, తెరుచుకున్న స్థితిలో ఎందుకు ఆగదు అన్నది చాలామందికి వచ్చే సందేహం. ముడిచే కండరాలు బలమైనవి. అవి బుడిపెను పుల్లీ కిందుగా ఈడ్చుకుంటూ అరచేతి వైపుకు తెచ్చేస్తాయి. వేలిని తెరిచే కండరాలకు అంత బలం లేదు. వచ్చిన దారినే బుడిపెను వెనక్కి దూర్చలేవు. లంగా బొందుకు మధ్యలో ముడి పడితే ఒకవైపు గట్టిగా లాగినప్పుడు బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి పోనివ్వకుండా కుట్టు అంచున అడ్డం పడుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. రెండో చేత్తో లాగినప్పుడు బుడిపె ఆ ఇరుకును ఒక్కసారిగా దాటుతుంది. టక్‌మన్న కుదుపు అప్పటిదే. ఆ కుదుపుకు ఎగిరిపడేది మధ్య కణుపు కాబట్టి చప్పుడూ నొప్పీ అక్కడే ఉన్నట్టు తోస్తుంది.

లక్షణాలు వచ్చే వరస

మొదట్లో చప్పుడే ఉండదు. నీళ్ల బకెట్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడో, బండి క్లచ్ నొక్కినప్పుడో, తడిబట్టలు పిండినప్పుడో అరచేతిలో వేలి మొదట్లో కమిలిన నొప్పి ఉంటుంది. వస్తువు వదిలేస్తే పోతుంది. ఈ దశలో ఎవరూ దీన్ని పట్టించుకోరు. పట్టించుకుంటే తేలిగ్గా తగ్గే దశ కూడా ఇదే.

తర్వాత వేలు తెరిచేటప్పుడు చిన్న తడబాటు మొదలవుతుంది. సాఫీగా విచ్చుకోదు, సగంలో ఆగి టక్‌మని దాటుతుంది, అయినా తనంతట తానే తెరుచుకుంటుంది. మూడో దశలో తనంతట తాను రాదు, రెండో చేత్తో లాగి విప్పాలి. కొందరిలో దీనికి తిరగబడి, వేలు పూర్తిగా ముడుచుకోవడమే కష్టమవుతుంది. పిడికిలి బిగిస్తే ఆ ఒక్క వేలు అరచేతిని తాకకుండా బయటే ఉంటుంది. అలాంటివారు తమది ట్రిగ్గర్ ఫింగర్ అని ఊహించలేరు, ఎందుకంటే వాళ్లకు టక్‌మన్న చప్పుడే ఉండకపోవచ్చు. నాలుగో దశలో మధ్య కణుపు వంగినచోటే బిగుసుకుపోతుంది, రెండో చేత్తో లాగినా తిన్నగా కాదు.

అందరికీ ఇదే వరసలో రావాలని లేదు. నెలల తరబడి రెండో దశలోనే ఉండిపోయేవారున్నారు, కొంతకాలానికి దానంతట అదే తగ్గినవారూ ఉన్నారు.

పొద్దున్నే ఎక్కువగా ఉండి, పని మొదలుపెట్టాక సడలడం దీని మరో గుర్తు. నిద్రలో వేళ్లు సగం ముడుచుకుని కదలిక లేకుండా ఉంటాయి, టెండన్ తొడుగు చుట్టూ నీరు చేరి దారి ఇంకాస్త ఇరుకవుతుంది. రెండు మూడు గ్లాసులు కడిగి, వేళ్లు నాలుగుసార్లు ఆడాక అది కొంత తగ్గుతుంది.

ఎక్కువగా ఇబ్బంది పడేవి ఉంగరపు వేలు, బొటనవేలు. ఆ తర్వాత మధ్య వేలు. చూపుడు వేలికి, చిటికెన వేలికి రావడం తక్కువ. బొటనవేలికి వచ్చినప్పుడు అది బాగా తెలిసేది కంచం ముందు. అన్నం కలిపి, ముద్ద చేసి నోటి దాకా తెచ్చేది నాలుగు వేళ్లైనా ముద్దను లోపలికి నెట్టేది బొటనవేలే. ఒక్కో ముద్దకు ఒకసారి ముడుచుకుని, ఒకసారి సాగాలి. ముడుచుకున్న వేలు అక్కడే ఆగిపోతే ముద్ద పెదవుల దగ్గరే చెదిరిపోతుంది. చెంచాతో తినడం మొదలుపెట్టిన పెద్దవాళ్లను అడిగితే ఒక్కోసారి ఈ కారణం బయటపడుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం, సీసా మూత తిప్పడం కూడా ఇలాగే కష్టమవుతాయి.

ఇంట్లో చూసుకునే పద్ధతి

అరచేయి పైకి పెట్టి గీతల్ని చూడాలి. చిటికెన వేలి వైపు నుంచి మొదలై వేళ్ల కిందుగా సాగే పై గీతను హస్తసాముద్రికంలో హృదయరేఖ అంటారు, దాని కింద ఉన్నది బుద్ధిరేఖ. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు పుల్లీలు దాదాపుగా హృదయరేఖ దగ్గర ఉంటాయి. చూపుడు వేలిది బుద్ధిరేఖ మొదలయ్యే చోట, బొటనవేలిది దాని మొదట్లోని మడత దగ్గర. అనుమానమున్న వేలికి సూటిగా కింద, ఆ గీత మీద రెండో చేతి బొటనవేలిని ఆనించి కాస్త నొక్కాలి. నొక్కుతూనే ఆ వేలిని మెల్లగా ముడిచి తెరవాలి. చర్మం కింద కందిగింజంత బుడిపె ఒకటి వేలితో పాటు ముందుకీ వెనక్కీ జరగడం, టక్‌మన్న కుదుపు ఆ చోటే తగలడం తెలిస్తే జబ్బు చోటు దొరికినట్టే. అవతలి చేతిలో అదే వేలిని నొక్కి పోల్చుకుంటే తేడా ఇంకా స్పష్టమవుతుంది.

బలవంతంగా పదే పదే టక్‌మనిపించి చూసుకోవడం మంచిది కాదు. ప్రతిసారీ బుడిపె పుల్లీని ఒరుసుకునే దాటుతుంది.

ఈ జబ్బును నిర్ధారించేది ప్రధానంగా డాక్టరు చేతి పరీక్షే. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్‌లో పుల్లీ మందం చూడొచ్చు. వేలికి దెబ్బ తగిలినప్పుడు, కీలు అరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు ఎక్స్‌-రేకు అర్థం ఉంది. టక్‌మనే ప్రతి వేలికీ అది అక్కర్లేదు.

దీనిలా కనిపించేవి, ఇది కానివి

మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడుతో దీన్ని చాలామంది కలిపేస్తారు. మెటిక చప్పుడు కీలులోని ద్రవంలో ఏర్పడే గాలి బుడగకు సంబంధించినది. ఒకసారి విరిచాక కాసేపటి దాకా అదే కణుపు మళ్లీ మోగదు. ట్రిగ్గర్ వేలు ముడిచి తెరిచిన ప్రతిసారీ మోగగలదు, ముందు ఆగి తర్వాత మోగుతుంది. ఆ ఆగడమే అసలు తేడా.

కీళ్లవాతంలో పొద్దుటి బిగుతు ఒక వేలితో ఆగదు. రెండు చేతుల్లో, చాలా కణుపుల్లో వాపు ఉంటుంది, బిగుతు గంట, అంతకు మించి కూడా సాగుతుంది. అయితే ఇక్కడో చిక్కుంది. కీళ్లవాతం ఉన్నవారికి టెండన్ తొడుగు వాచి, వేలు ట్రిగ్గర్‌లా ఇరుక్కోవచ్చు. వాళ్లకు ఏ1 పుల్లీ కోసేస్తే వేళ్లు పక్కకు వాలే ప్రమాదం ఉంది కాబట్టి ఆపరేషన్ పద్ధతి వేరుగా ఉంటుంది. వాతం ఉన్న సంగతి ముందే చెప్పడం అందుకే అవసరం. వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలలో వేలి కొస కణుపులు, మధ్య కణుపులు లావెక్కి గట్టి బొడుపులు తేలతాయి. అవి వేలి మీద ఉంటాయి, అరచేతిలో కాదు.

కార్పల్ టన్నెల్ జబ్బులో నొప్పికన్నా తిమ్మిరి ముఖ్యం. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారతాయి. అర్ధరాత్రి మెలకువ వచ్చి చేయి విదిలించుకుంటారు. మణికట్టు దగ్గర నరం నలగడం వల్ల వచ్చేది అది. ట్రిగ్గర్ వేలికి తిమ్మిరి లక్షణం కాదు, కానీ రెండూ ఒకే మనిషిలో ఉండటం తరచుగా కనిపిస్తుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉండి, పసిపిల్లను ఎత్తుకున్నప్పుడు పెరిగితే అది డి క్వెర్వెయిన్ జబ్బు. టెండన్ ఇరుక్కోవడమే అక్కడా మూలం, చోటు మాత్రం మణికట్టు.

డుపుట్రెన్ జబ్బులోనూ వేలు ముడుచుకుపోతుంది. అందులో చప్పుడు ఉండదు, నొప్పీ పెద్దగా ఉండదు. అరచేతి చర్మం కింద గట్టి పట్టీ తేలి, ఏళ్లు గడిచేకొద్దీ వేలిని లోపలికి లాగేస్తుంది. ఉత్తర ఐరోపా మూలాలున్నవారిలో ఎక్కువ, మన దగ్గర తక్కువ.

పక్షవాతం భయం గురించి ఒక మాట. నరం బలం కోల్పోయిన వేలిని రెండో చేత్తో తెరిస్తే అడ్డేమీ లేకుండా తెరుచుకుంటుంది, టక్‌మనదు. ట్రిగ్గర్ వేలిలో బలం ఉంటుంది, దారికి అడ్డం ఉంటుంది. ఉన్నట్టుండి చేయి మొత్తం పట్టు తప్పడం, మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వేలి పరీక్షలతో ఒక్క నిమిషం కూడా గడపకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

అలాగే తొందరపడాల్సినది ఇంకొకటి ఉంది. ముల్లో, సూదో గుచ్చుకున్న కొద్ది రోజులకు వేలు మొత్తం సమంగా వాచి, కాస్త వంగినట్టుండి, దాన్ని కొంచెం తిన్నగా చేయబోయినా ప్రాణం పోయేంత నొప్పి వస్తే టెండన్ తొడుగులో చీము పట్టి ఉండవచ్చు. అరచేతి నుంచి వేలి చివరి దాకా తొడుగు వెంబడి ఎక్కడ నొక్కినా నొప్పే. జ్వరం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆలస్యమైతే టెండన్ చెడిపోతుంది.

షుగర్‌తో ఉన్న లంకె

మామూలు జనంలో జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం 2 నుంచి 3 శాతం. షుగర్ ఉన్నవారిలో అది 10 శాతం దాకా ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువరించిన అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10.1 కోట్లు, పెద్దల్లో 11.4 శాతం. ఈ రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ట్రిగ్గర్ ఫింగర్‌ను అరుదైన జబ్బుగా పక్కన పెట్టడానికి వీల్లేదు.

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నంతకాలం అది టెండన్లలో, పుల్లీల్లో ఉన్న కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకుంటుంది. పోగుల మధ్య అడ్డ ముడులు పడి, సాగే గుణం తగ్గి కణజాలం బిరుసెక్కుతుంది. కొల్లాజెన్ త్వరగా మారేది కాదు కాబట్టి ఈ మార్పు ఏళ్ల తరబడి పేరుకుంటుంది. అందుకే ఈ రోజు చక్కెర ఎంత అన్నదే కాదు, షుగర్ వచ్చి ఎన్నేళ్లయిందన్నదీ లెక్కలోకి వస్తుంది. నమస్కారం పెట్టినప్పుడు రెండు అరచేతులూ వేళ్లూ పూర్తిగా ఆనకుండా మధ్యలో సందు మిగిలితే, అది కూడా ఈ బిరుసుతనం గుర్తే. షుగర్ ఉన్నవారిలో ఒక వేలికి కాకుండా రెండు మూడు వేళ్లకు, రెండు చేతులకూ రావడం ఎక్కువ. ఏ కారణమూ కనిపించకుండా ఒకటికన్నా ఎక్కువ వేళ్లు ఇరుక్కుంటున్నాయంటే, షుగర్ లేదనుకుంటున్నవారు కూడా రక్తపరీక్ష చేయించుకోవడం తెలివైన పని. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారిలో, గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉన్నవారిలో, రొమ్ము క్యాన్సర్‌కు లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు వాడుతున్నవారిలో కూడా ఇది కనిపిస్తుంది. మొత్తంమీద 40 దాటినవారిలో, మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ.

పని సంగతి అంత తేలిగ్గా తేలదు. దర్జీ కత్తెర, పాలు పితకడం, పొద్దంతా కొడవలి పట్టడం లాంటి గట్టి పట్టు పనులు లక్షణాల్ని పెంచుతాయి. ఫలానా పని వల్లే జబ్బు వచ్చిందని తేల్చి చెప్పడంపై మాత్రం వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. సెల్‌ఫోన్ మీద నెపం వేసే మాటలకు గట్టి ఆధారం లేదు.

పసిపిల్లల బొటనవేలు

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో కొందరికి బొటనవేలి కొస కణుపు వంగిపోయి ఉంటుంది. నొప్పి ఉండదు, పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. స్నానం చేయించేటప్పుడో, గోళ్లు తీసేటప్పుడో తల్లికి కనిపిస్తుంది. ఎక్కడో పడి ఎముక విరిగిందనుకుని కట్టు కట్టించేవారున్నారు. బొటనవేలి మొదట్లో తడిమితే నోటా బుడిపె చేతికి తగులుతుంది, అదే గుర్తు. ఇందులో చాలా వేళ్లు ఏళ్లు గడిచేకొద్దీ వాటంతటవే సాగుతాయి. సాగకపోతే చిన్న ఆపరేషన్ సరిపోతుంది. బలంగా లాగి సరిచేయబోవడం వల్ల ఉపయోగం లేదు.

గుర్తించాక దారి

మొదటి రెండు దశల్లో గట్టి పట్టు పనులు తగ్గించి, రాత్రిళ్లు వేలు ముడుచుకోకుండా స్ప్లింట్ (వేలిని తిన్నగా పట్టి ఉంచే బద్ద) పెట్టుకుంటే కొన్ని వారాల్లో చాలామందికి ఊరట దొరుకుతుంది. తగ్గకపోతే టెండన్ తొడుగు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒక్క ఇంజెక్షన్‌తో సగానికి మించిన మందిలో ఇరుక్కోవడం తగ్గుతుంది, కొందరిలో కొన్ని నెలలకు తిరిగి వస్తుంది. షుగర్ ఉన్నవారిలో ఫలితం తక్కువ, పైగా ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులు చక్కెర పెరుగుతుంది. ఆ రోజుల్లో గ్లూకోమీటర్‌తో తరచు చూసుకోవాలని ముందే తెలిసి ఉండాలి.

అప్పటికీ లొంగకపోతే ఏ1 పుల్లీని కోసి దారి వెడల్పు చేస్తారు. అరచేతి వరకే మత్తు ఇచ్చి, చిన్న గాటుతో చేసే ఆపరేషన్ ఇది, అదే రోజు ఇంటికి పంపుతారు. కొందరు వైద్యులు గాటు పెట్టకుండా సూదితోనే పుల్లీని తెంపుతారు. బొటనవేలి దగ్గర నరం మరీ పైపైనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ సూది పద్ధతికి జాగ్రత్త ఎక్కువ కావాలి. ఐదు పుల్లీల్లో టెండన్‌ను అదిమి ఉంచడానికి కీలకమైనవి రెండోదీ నాలుగోదీ. అవి చెక్కుచెదరకుండా ఉంటే మొదటిది కోసినా పట్టు బలం పోదు. మత్తులో ఉన్నది చేయి మాత్రమే కాబట్టి, డాక్టరు అక్కడే వేలు ముడిచి తెరవమంటాడు, టక్‌మనడం పోయిందో లేదో రోగే చూసుకోవచ్చు. గాటు దగ్గర నొక్కుడు నొప్పి కొన్ని వారాలు ఉంటుంది. నాలుగో దశ దాకా వచ్చి బిగుసుకుపోయిన మధ్య కణుపు విషయం వేరు. పుల్లీ కోశాక కూడా అది పూర్తిగా సాగకపోవచ్చు, ఫిజియోథెరపీతో వారాల తరబడి కొద్దికొద్దిగా సాగదీయాల్సి ఉంటుంది.